వానకవికి కోసిన అరంగుళం

నేను ఒక కాగితం కోసే మిషన్‌ని. నాకు పొట్నూరు కామేశ్వర్రావు మీద పగ ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తే నా కడుపులో బరువు దిగుతుంది, నేనెలాంటిదాన్నో మీకూ తెలుస్తుంది.

కామేశ్వర్రావు ఒక కాలేజీ లైబ్రరీలో గుమాస్తా. మా విజయనగరంలో కాలేజీలకు కొదవ లేదు, అది ఏదో చెప్పను. ఏటా ఎండాకాలం సెలవుల్లో చిరిగిన పుస్తకాలన్నీ మూటగట్టి మా కొట్టుకి బైండింగుకి పంపడం ఆయన పని. ఒక ఏడాది ఆ మూటలో పాత ప్రశ్నపత్రాల కట్ట కూడా పెట్టి, "పిన్నులన్నీ నేనే స్వయంగా తీశానోయ్, కళ్ళు మూసుకుని కోసెయ్" అన్నాడు. నా యజమాని కళ్ళు మూసుకోలేదు గానీ నమ్మాడు. కట్ట మధ్యలో మిగిలిపోయిన ఒకే ఒక్క స్టేప్లర్ పిన్ను నా కత్తి అంచుని నువ్వుగింజంత కొరికేసింది. అప్పట్నుంచీ నేను కోసిన ప్రతి కాగితం అంచు మీదా, కింది నుంచి మూడో అంగుళం దగ్గర, వెంట్రుకంత గీర పడుతుంది. రెండుసార్లు సాన పట్టించినా ఆ గంటు పోలేదు. అడిగితే కామేశ్వర్రావు, "అది మా కాలేజీ పిన్ను కాదోయ్" అని తేల్చేశాడు. పిన్నుల మీద కాలేజీల పేర్లు ఉండవు కదా, ఏం చేస్తాం.

నన్ను పోత పోసింది అమృత్‌సర్ దగ్గర ఒక ఇనుప కార్ఖానాలో. పైన ఒక చక్రం. అది తిప్పితే బరువు దిగి కాగితాల కట్టని కదలకుండా అదిమి పట్టుకుంటుంది. పక్కన ఆడమనిషంత పొడుగున్న పిడి. అది లాగితే కత్తి దిగుతుంది. అంతే నా బతుకు: అదమడం, కోయడం. గూడ్సు బండిలో వారం రోజులు పడుకుని ఈ ఊరొచ్చాను. మొదట ఒక ప్రెస్సులో శుభలేఖలు, పంచాంగాలు, సినిమా హాలు టిక్కెట్లు కోశాను. ఆ ప్రెస్సు ఆయన భాగస్వామితో చెడి, నన్ను వర్షంలో అరుగు మీద వదిలేస్తే, మజ్జి గవరయ్య అనే బైండరు గోనెపట్టా కప్పి, ఎడ్లబండి మీద తన కొట్టుకి తీసుకెళ్ళాడు. అప్పటికి నా వయసు పదిహేనేళ్ళు. అతని వయసు నలభై దాటింది. ఇద్దరం అప్పటికే తుప్పు పట్టాం.

గవరయ్య అయిదో తరగతితో బడి మానేశాడు. మానేయలేదు, మాన్పించారు. తండ్రి పోతే కాగితాలు మడతపెట్టే చెయ్యి ఒకటి తగ్గింది, వీడి చేతులు ఖాళీగా ఉన్నాయి, అంతే లెక్క. ఆ కోపం అతనిలో చల్లారలేదు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళ పుస్తకాలన్నీ తన చేతుల మీదుగానే వెళ్తాయి, తనని మాత్రం ఎవరూ చదువు దరికి రానివ్వరు అన్నట్టు ఉండేది అతని ధోరణి. ఎం.ఏ. వాళ్ళ థీసిస్సులకి అట్టలు వేసేవాడు, బంగారు అక్షరాలు అద్దేవాడు, ఒక్క పేజీ చదివేవాడు కాదు. "సదివితే పని సాగదు" అనేవాడు. అది సగం నిజం. నాకు మాత్రం అర్థమయ్యేది. పుస్తకాన్ని నేనూ అంచు నుంచే ఎరుగుదును. కొన్ని వేల పుస్తకాలు నా బల్ల మీద పడుకున్నాయి, ఒక్కటీ నా ముందు తెరుచుకోలేదు.

ఇక అసలు సంగతి.

కాలేజీ పుస్తకాల అంచుల మీద పిల్లలు నానా చెత్తా రాస్తారు. తమ పేర్లు, తమది కాని పేర్లు, బాణం గుచ్చిన గుండెకాయలు, మాస్టార్ల మీద తిట్లు. ప్రిన్సిపాలు చూస్తే లైబ్రరీ గుమాస్తాకి చీవాట్లు. అందుకని కామేశ్వర్రావు ఒక పద్ధతి కనిపెట్టాడు. మామూలుగా కుట్టిన పుస్తకానికి మూడు వైపులా అంచు సమంగా రావడానికి పావంగుళం కోస్తే చాలు. ఈయన మాత్రం, "అరంగుళం లోపలికి కోసెయ్యవోయ్ గవరయ్యా, ఆ పిచ్చిగీతలు సగానికి పోతే మిగతా సగం ఎవడికీ అర్థం కావు" అనేవాడు. మొదటి ఏడాది గవరయ్యకి మనసొప్పలేదు. రెండో ఏడాది అలవాటైంది. మూడో ఏడాది అదే తన పనితనం అనుకున్నాడు. ఏ పుస్తకానికైనా అంచు మీద చేతిరాత కనిపిస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే దాన్ని నా కత్తి కిందికి అరంగుళం జరిపేవాడు.

తొంభై ఆరో సంవత్సరం మే నెల మూటలో డెబ్భై రెండు పుస్తకాలు వచ్చాయి. అందులో ఒకటి లైబ్రరీది కాదు. వెన్ను విరిగిపోయి, అట్ట ఊడిపోయి, పురికొసతో కట్టి ఉంది. మూడు వందల తొంభై రెండు పేజీలు, అంటే నూట తొంభై ఆరు ఆకులు. ప్రతి ఆకు బయటి అంచు మీదా చీమల బారుల్లాంటి పెన్సిలు రాత, రెండు వైపులా. గవరయ్య దాన్ని చూసి, "ఓలమ్మ, ఈడెవుడో మరీ పిచ్చోడు" అన్నాడు. కుట్టాడు. నా బల్ల మీద పెట్టాడు. చక్రం తిప్పాడు. నేను అదిమి పట్టాను. పిడి లాగాడు.

మెత్తటి పాత కాగితం. హాయిగా తెగింది. ఈ మాట దాచను.

శనివారం నాడు సువార్తమ్మ గారు కొట్టుకొచ్చారు. బోనెల సువార్తమ్మ గారు ఆ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. పార్వతీపురం మునిసిపాలిటీలో వీధి కుళాయిలు తిప్పే ఉద్యోగి కూతురు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. జూలై వస్తే రిటైరవుతారు. తెల్ల నూలు చీర, చేతిలో గొడుగు, ఎవరినైనా పేరు పెట్టి పిలిచే అలవాటు.

గవరయ్య ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకాన్ని రెండు చేతులా అందించాడు. అంచు అద్దంలా ఉంది. "సూడండి మేడమ్ గోరూ! ఎవులో పెన్సిల్తో పిచ్చిగీతలు గీసీసేరు. కనపడకుండా కాస్త లోపలికే కోసీసేను."

ఆవిడ తెరిచారు. ఒక ఆకు తిప్పారు. ఇంకో ఆకు తిప్పారు. ఎక్కడో మధ్యలోకి వెళ్ళి చూశారు. ఆ తర్వాత స్టూలు ఎక్కడుందో చూసుకోకుండానే కూర్చోబోతే, గవరయ్య భార్య పైడమ్మ గబుక్కున స్టూలు ఆవిడ వెనకకి తోసింది.

"ఆ పిచ్చిగీతలు నావే గవరయ్యా" అన్నారు.

అరిచి ఉంటే గవరయ్య కూడా అరిచేవాడు. అరవడం వచ్చిన మనిషి అతను. ఆవిడ అరవలేదు. అది మరీ ఇబ్బంది అయింది. ఉన్నదేదో మెల్లగా చెప్పుకొచ్చారు. ఆ పుస్తకం ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కవుల్లో ఒకాయన మొత్తం పద్యాలు. (ఆయన అసలు పేరు మా గవరయ్యకి నోరు తిరగలేదు. సువార్తమ్మ గారు క్లాసులో పిల్లల కోసం 'వానకవి' అనేవారట. మా కొట్లోనూ అదే నిలిచింది.) ఇరవై ఆరేళ్ళుగా ఏ పద్యం పాఠం చెప్పినా, ఏది తోచినా, ఏ పిల్లాడు ఏం అడిగినా, ఆవిడ ఆ అంచు మీదే తెలుగులో రాసుకున్నారు. మరో కాపీ లేదు. ఇప్పుడు యూనివర్సిటీ సిలబస్ కమిటీ, 'ఈ కవి మన పల్లెటూరి పిల్లలకి అందడు' అని తీసేయబోతోంది. ఆవిడ పోట్లాడి నెలన్నర గడువు తెచ్చుకున్నారు. జూన్ ముప్పైలోగా తెలుగులో వ్యాఖ్యానం రాసిస్తే, చదివి చూస్తామన్నారు. రాయాల్సిందంతా అంచుల్లోనే ఉంది.

"ఉండేది" అన్నారు ఆవిడే, సరిదిద్దుకుంటూ.

కబురు వెళ్ళి కామేశ్వర్రావు వచ్చాడు. "కోత లేకుండా విడిగా చేయించండి అని మీకు చెప్పాను కదండీ" అన్నారు ఆవిడ. ఆయన పుస్తకం తిరగేసి, ఊపిరి పీల్చుకున్నాడు.

"అచ్చు అక్షరం ఒక్కటీ పోలేదు కదండీ మేడమ్! కవి రాసింది మొత్తం ఉంది. పోయింది మీరు రాసింది కదా!"

ఓదార్పు అనుకునే అన్నాడు. మనుషుల్లో ఇలాంటివాళ్ళకి గంటు పడదు, ఎదుటివాళ్ళకి పెడతారు.

"బాబూ, కోత వొద్దని నాకెందుకు సెప్పలేదు?" అన్నాడు గవరయ్య.

"నువ్వు చూసుకోవద్దూ? తెలుగు కూడా చదవలేవా?"

అప్పుడు కోపం వచ్చింది గవరయ్యకి. "మీరే కదండి సూపించేరు! మూడేళ్ళ నుంచి, పెన్సిలు రాత కనపడితే నరికీ అన్నారు. పెద్దోలు అంచు మీద రాస్తే నోట్సు, ఊరి పిల్లలు రాస్తే పిచ్చిగీతలు. రెండూ ఒక్క పెన్సిలే. నాకెలా తెలుస్తాదండి? అయిదో కలాసుకి ఈ తేడా నేర్పరు!"

సువార్తమ్మ గారు తలెత్తి చూశారు. "అది నిజం గవరయ్యా. ఆ పిల్లలు రాసినవి నేనూ ఎప్పుడూ చదవలేదు" అన్నారు.

తిట్టి ఉంటే అతను గెలిచేవాడు. ఒప్పుకునేసరికి ఓడిపోయాడు. పెళ్ళాం వైపు తిరిగాడు. "కోసిన పీలికలెక్కడే?"

"నిన్న మామిడిపళ్ళోలు గోనెలు అట్టుకుపోనారు కదా" అంది పైడమ్మ. "ఏటలా సూస్తావు? నువ్వే ఎత్తేవు బండి మీదకి."

నేను రాల్చిన పీలికలు మా ఊళ్ళో వృథా పోవు. మే నెలలో సువర్ణరేఖ పళ్ళు బుట్టల్లోకెత్తి కలకత్తా పంపేటప్పుడు, పండుకి పండు తగలకుండా కింద మెత్తగా పరవడానికి మామిడి కొట్లవాళ్ళు ప్రెస్సుల నుంచి ఈ పీలికలు కొంటారు. ఊళ్ళో నాలుగు ప్రెస్సుల చెత్త అంతా ఒకే గోడౌనులో గుట్టగా పడి ఉంటుంది.

సువార్తమ్మ గారు, గవరయ్య, పైడమ్మ ముగ్గురూ ఆ మధ్యాహ్నమే అక్కడికి వెళ్ళారు. నేను వెళ్ళలేను కాబట్టి, ఇక్కడ చెప్పేది పైడమ్మ తర్వాత వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ చెప్పగా విన్నది. గుట్ట మనిషెత్తు ఉందట. పసుపుపచ్చవి, తెల్లవి, గీతల నోటుబుక్కులవి, కరపత్రాలవి. మామిడి కొట్టు మేస్త్రీ నవ్వాడట. "అమ్మా, ఇందులో మీ కాగితం ఎతకడమంటే ఇసకలో ఉప్పు ఏరడం."

గవరయ్య ఒక గుప్పెడు తీసి, చివర్లు సరిచేసి, బొటనవేలు అంచు వెంట నడిపాడు. పక్కన పడేశాడు. ఇంకో గుప్పెడు. పడేశాడు. నాలుగో గుప్పెట్లో అతని వేలు ఒకచోట ఆగింది. కింది నుంచి మూడో అంగుళం దగ్గర.

"ఇది మా మిషనుదే" అన్నాడు.

పన్నెండేళ్ళు ఆ గంటుకి నన్ను తిట్టాడు. 'పన్నూడిన పీనుగ' అన్నాడు, 'కామేశ్వర్రావు దీనికి పుట్టింటోడు' అన్నాడు. ఇప్పుడు ఆ గంటే వేలికి తగిలి మా కొట్టు పీలికలేవో, పరాయివేవో విడగొట్టింది. గవరయ్య వేలితో ఏరాడు, అందులోంచి పెన్సిలు మరకలున్నవాటిని ఆడవాళ్ళిద్దరూ కంటితో ఏరారు. ఒక్క కోతలో తెగిన పీలికలు కొంతకాలం ఒకదాన్నొకటి వదలవు. తొక్కినా, చిదిమినా, పది ఇరవై కలిసే ఉంటాయి. అలా దొరికాయి గుత్తులు గుత్తులుగా. మూడు రోజులు ఏరారు. మేస్త్రీ నవ్వడం మాని, అప్పటికే కట్టిన బుట్టలు కూడా విప్పించాడు. కానీ శుక్రవారం రాత్రి బండికే నలభై బుట్టలు కలకత్తా వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత పని నా బల్ల మీదే జరిగింది. గవరయ్య అట్ట ఊడదీసి, కుట్టు విప్పి, ఆకులన్నీ విడగొట్టాడు. మైదాపిండి గంజి కాచి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, పల్చటి తెల్ల టిష్యూ కాగితం సన్నగా చీల్చి పెట్టుకున్నాడు. ఆకుని నా బల్ల అంచుకి ఆనించి, పీలికని దాని పక్కన పెట్టి, ఆకు మీది గీరా పీలిక మీది గీరా ఒకదానికొకటి కలిసేలా జరిపితే, విరిగిన పెన్సిలు గీతలు తమంతట తామే అతుక్కునేవి. నా పన్ను ఊడినచోటే ఆవిడ మాటలు కలిశాయి. ఇంతకన్నా గొప్ప పని నా జన్మలో నేను చేయలేదు, అదీ తెలియకుండా.

అయితే ఏ పీలిక ఏ ఆకుదో చెప్పాలి కదా. అది ఆవిడొక్కరే చెప్పగలరు. లోపల సగం మాట, బయట సగం మాట. ఆవిడ ఆకు మీది పద్యం పైకి చదివి, దాని అర్థం తెలుగులో చెప్పుకుని, అక్కడ తనేం రాసి ఉంటారో గుర్తు తెచ్చుకుని, పీలికల్లో వెతికేవారు. అలా రోజూ మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా, ఇరవై రెండు రోజులు, మా బైండింగు కొట్లో వానకవి పాఠం జరిగింది. వినేది గంజి రాసే గవరయ్య, టిష్యూ చీల్చే పైడమ్మ, నేను.

నా అంత ఇనుముకి కూడా ఆయన ఎక్కాడు. ఏం మనిషి! ఎప్పుడూ చినుకు పడే ఒక చిన్న ఊళ్ళో పుట్టి, ఆ ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి, ఆ ఊళ్ళోనే పోయాడు. రాజుల మీద రాయలేదు, దేవుణ్ణి పెద్దగా కదపలేదు. పన్ను కట్టని ఒక విధవరాలి కుళాయి కట్టేస్తున్నామని ఉత్తరం రాయాల్సిన గుమాస్తా, మర్యాదగా రాయడానికి నాలుగుసార్లు చిత్తు రాసి, నాలుగోది మొదటిదానికన్నా క్రూరంగా రావడం చూసి కలం కింద పెట్టడం, ఇదీ ఆయన పద్యం. సువార్తమ్మ గారు హాస్టల్లో ఉన్నప్పుడు ఇది చదివి, వాళ్ళ నాన్న ఒక వీధి కుళాయి తాళం వేసొచ్చి అన్నం తినకుండా పడుకున్న రోజు తలుచుకున్నారట. "ఇంగ్లీషు దొర మా నాన్న గురించి ఎలా రాశాడా అనుకున్నాను" అన్నారు. ఆ మాటే తొమ్మిదో ఆకు పీలిక మీద ఉంది. రెండు సగాలూ కలిసినప్పుడు ఆవిడ ఆ ఆకుని తనే తీసుకెళ్ళి ఆరబెట్టారు.

"ఈయనకి ఎంతమంది పిల్లలండి?" అనడిగింది పైడమ్మ.

"పెళ్ళి చేసుకోలేదు."

"అందుకే కుదురుగా రాసేడు" అంది పైడమ్మ. గవరయ్య ఉరిమి చూశాడు గానీ, సువార్తమ్మ గారు నవ్వారు. ఆ నవ్వు ఆ కొట్లో మొదటిసారి విన్నాను.

గవరయ్య మొదటి వారం నోరు విప్పలేదు. తప్పు చేసినవాడి మౌనం కొంత, నాకెందుకులే అన్న పాత కోపం కొంత. రెండో వారం మధ్యలో గొడుగుల పద్యం వచ్చింది. ఆ వానల ఊళ్ళో గొడుగులు బాగుచేసే ముసలాయన. రోజంతా ఊరందరి గొడుగులకీ ఊచలు బిగిస్తాడు, గుడ్డ కుడతాడు. సాయంత్రం కొట్టు కట్టి, బాగుచేసిన గొడుగు ఒకటి చంకలో పెట్టుకుని, విప్పకుండా, వానలో తడుస్తూ నడిచి వెళ్ళిపోతాడు. అంతటితో పద్యం అయిపోతుంది.

ఆ ఆకు అంచు మీద ఆవిడ రాతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పీలిక దొరికి అతికించాక చదివారు. "పేదరికమా? పొగరా? తనకి తానే వేసుకున్న శిక్షా? లేక వానంటే ఇష్టమా?" చివర ఒక ప్రశ్నగుర్తు, దాని పక్కన ఏళ్ళ తర్వాత వేరే పెన్సిలుతో ఇంకో ప్రశ్నగుర్తు, మరో మూడేళ్ళకి మూడోది.

"ఇరవై ఆరేళ్ళుగా తేలలేదు గవరయ్యా ఇది. పెద్ద పెద్ద విమర్శకులు కూడా తలోరకంగా రాశారు" అన్నారు, మామూలుగా.

గవరయ్య గంజి కుంచె గిన్నె అంచుకి రాసి, కిందికి చూస్తూ అన్నాడు. "ఆ గొడుగు ఆయనది కాదు కదండి."

"అంటే?"

"బేరగాడిదండి. ఇంటికి ఇచ్చీడానికి అట్టుకెల్తన్నాడు. బాగుసేసిన వస్తువు మనం వాడకూడదండి. నాను ఇన్నేల్లలో ఎవుల పుస్తకవూ పడుకుని సదవనేదు. తడిసినా, ఎండినా, మనది కానిది ఇప్పకూడదు. ఆయన పనోడండి. పనోడు అలాగే ఎల్తాడు."

సువార్తమ్మ గారు ఆ పద్యం మళ్ళీ మొదటి నుంచి చదివారు, ఈసారి పెదాలు మాత్రమే కదిలాయి. చదవడం అయ్యాక కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచారు. తర్వాత, అతికించిన గంజి ఇంకా ఆరకముందే, పెన్సిలు తీసి మూడు ప్రశ్నగుర్తుల కింద రాశారు: 'గొడుగు ఆయనది కాదు. – మజ్జి గవరయ్య.'

"నా పేరెందుకండి" అన్నాడతను. కానీ పని అయ్యేదాకా ఆ ఆకుని మిగతావాటి మీద, కనపడేలా, ఆరబెట్టాడు.

చదువు మాన్పించిన నలభై అయిదేళ్ళకి అతని పేరు ఒక పుస్తకంలో పడింది. అప్పట్నుంచి అతని నోటికి తాళం లేదు. ప్రతి పద్యానికీ ఒక మాట అనేవాడు. సగం తప్పు. కొన్ని మరీ తప్పు. ఆవిడ తప్పు అని చెప్పినప్పుడు మొహం మాడ్చుకునేవాడు, మర్నాడు రెండింతలు మాట్లాడేవాడు. అంచు మీద అతని పేరు ఇంకో నాలుగుచోట్ల పడింది. పైడమ్మది ఒకచోట.

జూన్ ఇరవై ఎనిమిదికి వ్యాఖ్యానం పూర్తయింది. కాలేజీ ఆఫీసులో టైపు చేయించి, కట్టించి కామేశ్వర్రావు చేత పంపారు, బైండు చేసి మూడు కాపీలు కమిటీకి వెళ్ళాలి. కట్ట నా బల్ల మీద పెట్టే ముందు గవరయ్య ప్రతి ఆకూ వేలితో తడిమాడు. నూట నాలుగో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. పిన్ను. స్టూలు మీద కూర్చున్న సువార్తమ్మ గారి కళ్ళెదుటే ఊడదీసి, అరచేతిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ కామేశ్వర్రావుకి చూపించాడు.

"ఇదేటి బాబూ?"

"ఎక్కడిదోయ్ అది?"

"మీ కాలేజీదే. మీరే ఇప్పుడు తెచ్చేరు. నాను ఇప్పేను. మేడమ్ గోరు సూసేరు."

కామేశ్వర్రావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత నా కేసు తేలింది. శిక్షేమీ పడలేదు. ఆ పిన్నుని గవరయ్య గోడకున్న కేలెండరుకి గుచ్చాడు. అది అక్కడే ఉంది.

కమిటీలో ఒక ప్రొఫెసరు గారు అడిగారట: "ఈ గవరయ్య ఎవరమ్మా? ఎక్కడ పనిచేస్తారు? ఈయన గొడుగు వ్యాఖ్య నేనెక్కడా చూడలేదు."

"బైండరండి" అన్నారట సువార్తమ్మ గారు.

"బైండర్... ఆక్స్‌ఫర్డా?"

"విజయనగరం."

వానకవి సిలబస్‌లో నిలిచాడు. ఆరు పద్యాలు ఉండేవి, నాలుగుంచారు. గొడుగుది ఉంది. ఆ నాలుగూ ఇప్పటికీ చెబుతున్నారని విన్నాను.

ఆ పాత పుస్తకాన్ని గవరయ్య మళ్ళీ కుట్టాడు. ఈసారి నా దగ్గరికి తేలేదు. అతుకులన్నీ బయటి అంచునే ఉండటంతో అటువైపు లావెక్కి, మూస్తే పూర్తిగా నోరు మూయని పుస్తకం అయింది. దొరకని పీలికల చోట్ల, అంచు సమంగా ఉండాలని, ఖాళీ తెల్లకాగితం ముక్కలు అతికించాడు. లోపలి అట్ట మీద తన చేత్తో, అయిదో తరగతి అక్షరాల్లో రాశాడు: 'కోత వద్దు.' రిటైరయ్యే రోజున ఆవిడ దాన్ని లైబ్రరీకి ఇచ్చారు. దాన్ని తీసుకున్న పిల్లలు ఆ ఖాళీ ముక్కల మీద, అక్కడ ఏం ఉండి ఉంటుందో ఊహించి, పెన్సిలుతో రాస్తున్నారట. తప్పో ఒప్పో. గుండెకాయలు కూడా ఒకటి రెండు పడ్డాయని, పడనివ్వమని ఆవిడే చెప్పారని పైడమ్మ అంది.

ఇప్పుడు కొట్లో కరెంటు మిషన్ వచ్చింది. మీట నొక్కితే చాలు. దాని కత్తికి గంటు లేదు, అందువల్ల దాని కోతకి ఆనవాలూ లేదు. రేపేమైనా తప్పు కోస్తే ఎవరు గుర్తుపడతారో నాకు తెలియదు. నన్ను మూలకి జరిపారు. నా బల్ల మీద గంజి గిన్నె, కత్తెర్లు, గవరయ్య కళ్ళద్దాలు. పాత ఇనుము వాడు రెండుసార్లు వచ్చి బేరమాడాడు. గవరయ్య అతనికి నన్ను అమ్మలేదు, ఎందుకో చెప్పనూ లేదు. మధ్యాహ్నాలు పని లేనప్పుడు నా మీద మోచేతులు ఆనించి, టైపు వ్యాఖ్యానం మిగిలిన కాపీ ఒకటి ఉంది, అది చదువుకుంటాడు. అది అతని సొంతం. అందుకే చదువుతాడు.

నేను కొలత మీద బతికినదాన్ని, కాబట్టి కొలత చెప్పి ఊరుకుంటాను. నూట తొంభై ఆరు ఆకులు కోశాను. నూట ఎనభై అయిదు పీలికలు దొరికాయి. మిగతావి సువర్ణరేఖ పళ్ళ కింద మెత్తగా పడుకుని కలకత్తా వెళ్ళాయి. అక్కడ ఏ ఇంట్లోనో ఎవరో బుట్ట ఖాళీ చేసి, తమకి రాని లిపిలో సగం సగం మాటలు చూసి, ఊడ్చేసి ఉంటారు. నా వల్ల సువార్తమ్మ గారు పోగొట్టుకున్నది పదకొండు పీలికలు. ఒక్కొక్కటి ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, అరంగుళం వెడల్పు. మొత్తం నలభై ఆరు ముప్పావు చదరపు అంగుళాలు.